నవారో మాటలపై యూదు సంస్థ ఫైర్.. మన రొయ్య రైతుకు కలిసొస్తుందా?

కడియం: రష్యా చమురు సాకుతో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. 2025 ఆగస్టు 27న అది అమల్లోకి వచ్చింది. కడియం నర్సరీలది ఎక్కువగా దేశీయ మార్కెట్టే, నేరుగా దెబ్బ తగల్లేదు. కానీ డెల్టాలో దిగువకెళితే అన్నీ రొయ్యల చెరువులే. వాటికి అమెరికాయే పెద్ద గిరాకీ.

ఇదే సమయంలో ట్రంప్ సలహాదారు పీటర్ నవారో ఉక్రెయిన్ పోరును ఏకంగా 'మోదీ యుద్ధం' అనేశారు. దీన్ని గట్టిగా తప్పుబట్టింది అమెరికన్ జ్యూయిష్ కమిటీ. 1906లో పుట్టిన యూదు సంస్థ ఇది. రష్యా చమురుపై భారత్ ఆధారపడటం విచారకరమే అంటూనే, పుతిన్ యుద్ధ నేరాలకు భారత్ బాధ్యురాలు కాదని తేల్చేసింది.

ఈ అండ కొత్తదేం కాదు. భారత్-అమెరికా అణు ఒప్పందానికీ ఈ సంస్థ మద్దతిచ్చింది. దాని నేత జేసన్ ఐజాక్సన్‌కు 2009లో మన ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

అయితే తేడా ఉంది. 2008లో ఆ ఒప్పందం బుష్‌కే కావాలి, కాంగ్రెస్‌లో ఓట్లు కూడగడితే చాలు. లాబీయింగ్‌కు పనుండేది. 2025 నాటి సుంకం ట్రంప్ సంతకంతో వచ్చింది. ఓటింగే లేనప్పుడు ఎవరిని ఒప్పిస్తారు? ఈ ప్రకటన చూసి భీమవరంలో వంద కౌంట్ రేటు పెరగదు.