స్పీకర్లు మార్చే ముందు తలుపు విప్పి చూడండి

మా కారులో ముందు ఎడమ తలుపు స్పీకరు కొన్ని నెలలుగా బరబరమంటా ఉండింది. పాటలకైతే ఎట్లో సర్దుకుపోయినాం. అవ్వ కతలు పెట్టినప్పుడే కష్టమైంది. సామల్పట్టి ఇంటి పంచలో కూర్చుని అవ్వ చెప్పిన కతలను నాయన క్యాసెట్లలో పట్టి పెట్టినారు. తరవాత మేము వాటిని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాం. మత్తూరు, కృష్ణగిరి, శూలగిరి మీదుగా హోసూరుకు పోయేటప్పుడల్లా బిడ్డలు వినేది అవే.

మా బిడ్డలకు బడిలో తెలుగు లేదు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతిగా పైకి పోయింది. తమిళం నేర్చేది మంచిదే, మేమూ నేర్చినాం. అయితే తెలుగు చెవిన పడేదానికి ఇల్లు, కారు అని రెండే తావులు మిగిలినాయి మాకు. ఒకరోజు చిన్నోడు, "అవ్వ ఏం చెప్తా ఉందో తెలీలేదు, పాట పెట్టు" అన్నాడు. ఆ మాట విని అంగడికి పోయినాం.

అంగడి పిల్లోడు రెండు నిమిషాలు విని, "అన్నా, నాలుగూ మార్చేసి వెనకాల సబ్‌వూఫర్ పెట్టేద్దాం, అదిరిపోతాది" అన్నాడు. తలుపు విప్పి చూడనేలేదు. మాకు అదిరేది ఎందుకు? సబ్‌వూఫర్ పలికేది ముఖ్యంగా 100 హెర్ట్జ్‌కు లోపలి మోతను. మాట తెలిసేది దానికి చాలా పైన. పాతకాలం టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది, అయినా ఊర్లో వాళ్ల యోగక్షేమాలన్నీ దానిలోనే తెలుసుకున్నాం కదా. మాట వినే ఇంటివాళ్లు మోతకు దుడ్డు పోయడం దండగ అనేదే మా అభిప్రాయం.

ఇంటికొచ్చి మేమే వెతికినాం. ముందు బ్యాలెన్సు, ఫేడరు తిప్పి ఒక్కో స్పీకరునూ విడిగా విన్నాం. బరబర ఎడమ ముందుదే. తలుపు అట్ట ఊడదీసి, ఎడమ స్పీకరును కుడి తలుపు వైరుకు తగిలించినాం. అక్కడా అదే బరబర, అంటే స్పీకరులోనే తప్పు. 1.5 వోల్టుల బ్యాటరీని రవంతసేపు తాకిస్తే టక్కుమంది, కోను కదిలింది. మీటరులో మూడు ఓములకు పైన చూపించింది. 4 ఓముల స్పీకరుకు అది సరైన లెక్కే. ఏమీ చూపకపోయుంటే కాయిలు తెగినట్టు. కోను చుట్టూ ఉండే ఫోమ్ అంచు మాత్రం వేలు పెడితే పొడిగా రాలింది. ఎండకూ చెమ్మకూ అది అట్లా అవుతుంది. చెమ్మ ఎట్లా వచ్చిందంటే, అద్దం మీద నుంచి తలుపులోకి దిగే వాననీళ్లను ఆపే ప్లాస్టిక్ కాగితం చినిగి ఉంది. ఇంకొక సంగతి, తలుపు మడత దగ్గర రబ్బరు గొట్టంలో వైరు కూడా సగం తెగి ఉండింది. కొత్త స్పీకరు పెట్టినా కొన్నాళ్లకు ఆగిపోయేదే!

కొత్త ఫోమ్ అంటించి, ఒక రాత్రి ఆరబెట్టి, వైరు కలిపి, ప్లాస్టిక్ కాగితం మార్చినాం. అన్నీ కలిపినా కొత్త జత ధరకు రాలేదు. కాయిలు కాలిపోయుంటే మాత్రం మేమూ కొత్తవే కొందుము, అదీ జతగానే. ఒకటే మారిస్తే రెండు వైపులా గొంతు ఒక్కటిగా ఉండదు. అట్టపెట్టె మీద 50 వాట్లు అని చూసి సౌండు కొసదాకా తిప్పవద్దండీ. అది ఒక్క క్షణం తాకే లెక్క, నిలకడగా వచ్చేది 15, 20 వాట్లే. దాన్ని మించి తిప్పితే అల కొసలు తెగి కాయిలు వేడెక్కుతుంది.

బాసు తగ్గించి, నడిమి స్వరం కొంచెం పెంచి అవ్వను పెట్టుకున్నాం. పోయినసారి శూలగిరి దగ్గర చిన్నోడు కత ఆపి, "గరిసె అంటే ఏమి?" అని అడిగినాడు. వడ్లు పోసి పెట్టేది అని చెప్పినాం. వెనక కుడి స్పీకరు అంచు కూడా రాలుతూ ఉంది, వానలు రాకముందే దాన్నీ విప్పాల.