రిమోటు ఎవరి చేతిలో?

కల్లూరు మండలంలోని ఒక ఊరి ప్రాథమిక బడికి ఈమధ్య పోయినాము. గోడకు పెద్ద టీవీ ఉంది. దుమ్ము పడుతుందని దాని మీద దుప్పటి కప్పినారు. రిమోటు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఉన్న అయ్యవారు ఆ దినం మీటింగుకు పోయినాడు. మాదిగ గేరి నుంచి వచ్చిన ఒక తల్లి మమ్మల్ని నిలబెట్టి అడిగింది: "టీవీలో బొమ్మలు బాగనే ఉండాయంట సారూ. మా పిల్లోనికి వాని పేరు రాసేది ఎప్పుడొస్తాది?"

ముందు ఒక మాట. యంత్రాలు మనకెందుకు, పలక బలపం చాలు అనే పెద్దమనుషులతో మాకు పొత్తు లేదు. మన పిల్లలకు ఇంగ్లీషు వద్దని ఉపన్యాసాలిచ్చి, తమ పిల్లలను కాన్వెంటు బస్సెక్కించిన వాళ్ళను చూసినాము. కంప్యూటరు సంగతీ అంతే. కర్నూలు టౌన్లో డబ్బున్న ఇంటి పిల్ల దాన్ని ముట్టి నేర్చుకుంటుంటే మన గేరి పిల్ల దూరం నుంచి చూడాలా? సతారా బడిలో చిన్న భీమ్‌రావు దాహమేసినా కొళాయి ముట్టకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్ళు. ప్యూను రాని దినం నీళ్ళు లేవు. నూరేండ్లు దాటినా, తిప్పే చెయ్యి ఎవరిదనే లెక్క ఇంకా తెగలేదు.

గత ప్రభుత్వం 2019లో నాడు-నేడు మొదలుపెట్టింది. తొలి విడతలో 15,715 బళ్ళు తీసుకుంది. గోడలు, మరుగుదొడ్లు, ఆ తర్వాత టీవీలు వచ్చినాయి. మంచిదే, కాదనము. 2022 జూన్‌లో నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠాలకు బైజూస్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, అయ్యవార్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచినారు. 2024 జులై నాటికి ఆ కంపెనీయే దివాలా కేసులో చిక్కింది. పాఠాన్ని వ్యాపారికి అప్పజెప్తే ఇట్లే ఉంటుంది.

కరోనా కాలం మరిచినామా? 2020 మార్చిలో మూసిన బళ్ళు చిన్న తరగతులకు 2021 ఫిబ్రవరి దాకా తెరవలేదు. పాఠాలు సప్తగిరి చానల్లో వచ్చినాయి, ఫోన్లలో వచ్చినాయి. ఫోను నాయన జేబులో కూలిపనికి పోయె. పిల్ల ఇంట్లో కూచునె.

1882లో హంటర్ కమిషన్‌కు జ్యోతిరావు ఫూలే రాసిచ్చినాడు: పన్ను కట్టేది రైతూ కూలీ, ఆ సొమ్ముతో పెద్ద చదువులు పైకులాలకు, ముందు పల్లెల్లో ప్రాథమిక విద్య పెట్టండి, ఆ జనంతో కలిసిపోయే అయ్యవార్లను పెట్టండి అని. టీవీ కలిసిపోదు. పిల్లోడు మూడు దినాలు రాకపోతే గేరికి వచ్చి ఏమైందని అడగదు. చెయ్యి పట్టి దిద్దించదు. విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లుండాలంటుంది. తరగతులేమో ఐదు! ఒకటో తరగతికి అచ్చులు దిద్దిస్తూ నాలుగో తరగతిని బొమ్మల ముందు కూచోబెడతారు. మేమూ ఆ పని చేసినాము, ఒప్పుకుంటాము.

ఇంక సుగ్గి. కోసిగి, ఆదోని, పత్తికొండ దిక్కు నుంచి గుంటూరు పత్తి చేలకు, మిరప చేలకు సంసారాలు కదిలిపోతాయి. టీవీ బడి గోడకే ఉంటుంది. పిల్లోడు చేను గట్టున గుడిసెలో చెల్లెలిని ఎత్తుకొని ఉంటాడు.

బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టంలో ఉంది. సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ నెల ఆ మీటింగుకు గేరి తల్లులను వెంటబెట్టుకొని పోవాల. టీవీ వారానికి ఎన్ని గంటలు నడిచింది, రిమోటు ఎవరెవరి పిల్లలు పట్టుకున్నారు, ఖాళీగా ఉన్న టీచరు పోస్టు ఎప్పుడు నింపుతారు అని అడగాల. జవాబు మినిట్స్ బుక్కులో రాయించాల. సుగ్గి బండ్లు కదిలేలోగా సీజనల్ హాస్టలు కోసం అర్జీ ఎంఈఓ చేతికియ్యాల. రసీదు అడిగి తీసుకోవాల.