మూత తీసి వినండి!

ఎండాకాలం. గొల్లపల్లి నుంచి చల్‌గల్ మార్కెట్‌కు మామిడికాయల లోడుతో బయల్దేరిన పాత డీజిల్ పికప్ దారిలో ఆగిపోతుంది. పది నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్ ముందు మాత్రం చచ్చినా ఆగదు! పంపూ నాజిళ్లూ మార్పించి చాలామంది వేలు వదిలించుకునేది ఇలాంటప్పుడే.

అసలు బండి ఎలా ఆగుతోందో గమనించాలి. స్విచ్ కట్టేసినట్టు ఠక్కున ఆగితే, అదీ గతుకుల్లోనే అయితే, పంపు మీది సొలినాయిడ్‌కు వెళ్లే వైరు వదులైందేమో చూడాలి. జర్కులిస్తూ, పికప్ తగ్గుతూ ఆగితే డీజిల్ అందట్లేదన్నమాట. వెంటనే ట్యాంకు మూత తీయండి. 'స్స్' మని గాలి లోపలికి పీల్చుకుందా? మూతకుండే గాలి రంధ్రం పూడుకుపోయినట్టే. వాడిన డీజిల్ స్థానంలోకి గాలి చేరకపోతే పంపు ఎంత లాగినా ఇంధనం రాదు. కాసేపాగితే ఆ గాలి మెల్లగా చేరుతుంది, బండి కదులుతుంది. రంధ్రం శుభ్రం చేస్తే సరి. శబ్దం రాకపోతే ఫిల్టరు అడుగు మర వదులు చేసి గాజు సీసాలో పట్టండి. నీళ్లుంటే అడుక్కు దిగుతాయి.

కిరాయి పోతే పోయింది, ఇంజిన్ ఆగిన క్షణంలో మాత్రం జాగ్రత్త. పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. బ్రేకు రెండు మూడు తొక్కులకే గట్టిపడుతుంది. పదేపదే తొక్కకుండా ఒకేసారి అదిమిపట్టి బండిని పక్కకు తీయాలి.