మైకు ముందు మేమన్న మాటలు

2025 నవంబరు 2, ఆదివారం. మహిళల వన్డే ప్రపంచకప్ ఫైనల్. నవీ ముంబయిలో వాన పడటంతో ఆట రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. ఇక్కడ ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్సులో ఒకరింటి ముందుగదిలో ఇరవై మందిమి టీవీ ముందు చేరాం. పెద్దవాళ్లు కుర్చీల్లో, మేము చాపమీద. మేమంటే పదకొండో తరగతి చదువుతున్న నలుగురం. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. నలుగురివీ తెలుగు ఇళ్లే.

ఆ రాత్రి మన జట్టు 298 పరుగులు చేసింది. షెఫాలీ వర్మ 87 కొట్టింది. దీప్తి శర్మ 58 పరుగులు చేసి, తరువాత అయిదు వికెట్లు తీసింది. దక్షిణాఫ్రికా 246కు ఆలౌటైంది. మన మహిళల జట్టుకు అది మొదటి ప్రపంచకప్. టపాకాయలు కాల్చాం, మిఠాయిలు పంచుకున్నాం. అంతా బాగుంది.

అయితే ఆట సాగుతున్నంతసేపూ ఆ గదిలో వినబడిన మాటలు ఇంకోరకం. "ఈ పిల్ల సినిమాల్లోకి వెళ్లొచ్చు." "ఈమెకి ఆ జుట్టు బాగోలేదు." "ఆ బౌలర్ మగరాయుడిలా ఉంది." "ఎండలో ఆడి ఆడి పాపం ఎలా నల్లబడిపోయిందో!" ఈ చివరి మాట అన్నది ఒక అమ్మమ్మగారు, అదీ ప్రేమగానే. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. మేము ఒకరి ముఖాలొకరం చూసుకుని లోలోపల నవ్వుకున్నాం. పెద్దవాళ్లు ఇంతేలే, మన తరం ఇలా ఉండదు అనుకున్నాం.

మన తరం ఎలా ఉందో నెల తిరక్కుండానే తెలిసింది.

డిసెంబరులో మా పాఠశాల క్రీడోత్సవం జరిగింది. మైకు పట్టుకునే పని మా నలుగురిలో ఇద్దరికి వచ్చింది. మిగతా ఇద్దరం పక్కన కూర్చుని చీటీలు రాసి అందించాం. బాగా చేశామని చాలామంది మెచ్చుకున్నారు. తరువాత ఎవరో ఫోనులో తీసిన వీడియో మాకు పంపితే నలుగురం కలిసి చూశాం. మొదట సరదాగా చూశాం. పది నిమిషాలయ్యాక ఎవరమూ మాట్లాడలేదు.

అబ్బాయిల వంద మీటర్ల పరుగులో మేము ఏమన్నాం? ఎవరు ముందున్నారు, ఎవరు వెనకబడ్డారు, గెలిచినవాడు ఎన్ని సెకన్లలో ముగించాడు. అమ్మాయిల పరుగులో ఏమన్నాం? "రంగురంగుల సీతాకోకచిలుకలు" అన్నాం, "చిరునవ్వుల పరుగు" అన్నాం. ఎవరు గెలిచారో చెప్పాం గాని ఎన్ని సెకన్లలో గెలిచారో చెప్పలేదు. ఆ చీటీ మా చేతిలోనే ఉంది.

ఇక షాట్‌పుట్. అమ్మాయిల షాట్‌పుట్‌లో మా జూనియర్ ఒకామె మొదటి స్థానంలో వచ్చింది. ఆమె వలయంలోకి అడుగుపెడుతుండగా మేము మైకులో, "జాగ్రత్త, ఈమెతో ఎవరూ గొడవ పెట్టుకోకండి!" అన్నాం. మైదానమంతా నవ్వింది. వీడియోలో ఆ నవ్వు చాలాసేపు వినిపిస్తుంది. ఆమె గుండును ఎంత దూరం విసిరిందో మాత్రం ఆ వీడియోలో ఎక్కడా లేదు.

ఆమె దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాం. ఆమె కోప్పడలేదు. "మీరు నవ్వించడానికే అన్నారు అక్కా, నాకు తెలుసు. కానీ ఆ రోజు మా అమ్మ వచ్చింది, వెనక వరసలో కూర్చుంది" అంది. ఈ ఏడాది రీజినల్ పోటీలకు పేరిమ్మని అడిగితే ఆలోచించి చెబుతానందట. ఈ వ్యాసం రాస్తున్న రోజుకింకా పేరివ్వలేదు. ఆమె ఒప్పుకున్నాకే, పేరు చెప్పకుండా, ఈ సంగతి రాస్తున్నాం.

ఆ రోజు నుంచి మాకు కర్ణం మల్లీశ్వరి పదేపదే గుర్తుకొస్తోంది.

మన ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది పూర్వీకులు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చినవారే. సెలవుల్లో మనం ఊరికి వెళ్లే దారిలో పలాస దాటాక శ్రీకాకుళం రోడ్ స్టేషన్ వస్తుంది. అది ఉన్న ఊరు ఆమదాలవలస. మల్లీశ్వరి బరువులెత్తడం నేర్చుకున్నది అక్కడే, నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర. తండ్రి రైల్వే రక్షణ దళంలో పనిచేశారు. అంటే మన ఊరివైపు పిల్ల, మనలాగే రైల్వే ఇంటి పిల్ల.

1994లోనూ 1995లోనూ ఆమె 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి మహిళలకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టినప్పుడు ఆమె 69 కిలోల విభాగంలో పోటీకి దిగింది. సిడ్నీకి ముందు ఆమె లావైపోయిందనీ, పని అయిపోయిందనీ పత్రికల్లో విమర్శలు వచ్చాయి. సెప్టెంబరు 19న ఆమె స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. అంటే స్వర్ణానికీ ఆమెకూ మధ్య తేడా రెండున్నర కిలోలే. సిడ్నీలో భారతదేశానికి వచ్చిన పతకం అదొక్కటే. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే.

పై విభాగంలో బరువులెత్తేవాళ్లకు భుజాలు, తొడలు, నడుము బలంగా ఉండాలి. వడ్రంగికి ఉలి ఎలాగో ఆమెకు ఆ శరీరం అలాగ. పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు ఆ శరీరాన్ని చూసినవాళ్లకు లావు కనిపించింది. ఆట తెలిసి చూసినవాళ్లకు బలం కనిపించింది. మేము మైకు ముందు నిలబడి చూసిన చూపు మొదటిరకం. మా జూనియర్ భుజాల్ని చూసి నవ్వించాం. ఆ భుజాల వల్లే ఆమె మొదటి స్థానంలో వచ్చిందన్న సంగతి చెప్పలేదు.

"అబ్బాయిల రూపం గురించి ఎవరూ మాట్లాడరా?" అని మా నలుగురిలో ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ ఊళ్లో దానికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. మన ఖరగ్‌పూర్ స్టేషన్‌లో టికెట్లు తనిఖీ చేసి, సెర్సా మైదానంలో ఆడిన ధోనీ జుట్టు గురించి దేశమంతా మాట్లాడింది. 2006లో లాహోర్‌లో పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ కూడా, ఆ జుట్టు కత్తిరించుకోవద్దని అందరి ముందూ చెప్పాడు. కానీ ఆ మాట ఎప్పుడు వచ్చిందో చూడండి. ఆ మ్యాచ్‌లో ధోనీ 72 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచి గెలిపించాక వచ్చింది. పరుగులు ముందు, జుట్టు తరువాత. జుట్టు బాగోలేదు కాబట్టి ఆట మానేయమని ధోనీకి ఎవరూ చెప్పలేదు. నల్లబడిపోతావు, నీకు పెళ్లెలా అవుతుంది అని ఏ ఇంట్లోనూ అబ్బాయి చేతిలోంచి బ్యాట్ లాక్కోరు. అమ్మాయిల విషయంలో ఈ వరస తిరగబడుతుంది. జుట్టు ముందు, పరుగులు తరువాత. ఒక్కోసారి పరుగుల దాకా మాట రాదు.

మిథాలీ రాజ్ సంగతి తీసుకోండి. హైదరాబాదులో పెరిగి, రైల్వేస్ తరఫున ఆడి, 232 వన్డేల్లో 7,805 పరుగులు చేసిన బ్యాటర్. 2017లో ఆమె నాయకత్వంలో మన జట్టు లార్డ్స్ ఫైనల్ దాకా వెళ్లి 9 పరుగుల తేడాతో ఓడింది. అదే ఏడాది ఆమె తోటి క్రీడాకారిణులతో దిగిన ఫొటో ఒకటి పెడితే, బట్టల మీద చెమట మరక ఉందని ఒకరు ఎగతాళి చేశారు. మైదానంలో చెమటోడ్చాను కాబట్టే ఈ స్థాయికి వచ్చానన్న అర్థంలో ఆమె జవాబిచ్చింది. మగ ఆటగాడి చెమట కష్టానికి గుర్తు. ఆడపిల్ల చెమట అయ్యేసరికి అదే మరక అయిపోయింది.

"పొగిడితే తప్పేముంది?" అని ఇంకో ప్రశ్న. స్మృతి మంధానను చాలామంది "నేషనల్ క్రష్" అంటారు. అది తిట్టు కాదు కదా అంటారు. తిట్టు కాదు, నిజమే. కానీ ఆ మాట అనేవాళ్లను ఆమె 2018లోనూ 2021లోనూ ఐసీసీ ఉత్తమ మహిళా క్రికెటర్‌గా ఎంపికైందని తెలుసా అని అడిగి చూడండి. మా తరగతిలో అడిగాం. ఎక్కువమందికి తెలియదు. అందంగా ఉన్నామె ఆట ఆ అందం చాటుకు పోతుంది. అందంగా లేదని అనుకున్నామె ఆట ఎగతాళి చాటుకు పోతుంది. పొగడ్త, ఎగతాళి రెండూ ఒకే త్రాసులో తూచినవే. ఆ త్రాసు ఆటను తూచేది కాదు.

ఈ మాటలు టీవీ ముందుగదిలోనే ఆగిపోతే ఇంత రాయనక్కర్లేదు. చూసేవాళ్ల కోరిక ఆటల నియమాల్లోకీ వెళ్తుంది. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య, ఆట ఆకర్షణీయంగా కనబడటం కోసం పెద్ద పోటీల్లో మహిళలు స్కర్టు లేదా గౌను వేసుకుని తీరాలని నియమం పెట్టబోయింది. క్రీడాకారిణులు, చాలా దేశాలవాళ్లు వ్యతిరేకించడంతో 2012లో వదులుకుంది. 2021లో నార్వే మహిళల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టు బికినీ అడుగుభాగానికి బదులు నిక్కర్లు వేసుకుని ఆడితే 1,500 యూరోల జరిమానా పడింది. ప్రపంచమంతా ప్రశ్నించాక అదే ఏడాది చివర్లో నియమం మార్చారు. రెండుచోట్లా నియమం రాసినవాళ్లు ఆలోచించింది ఆడేవాళ్ల సౌకర్యం గురించి కాదు, చూసేవాళ్ల కళ్ల గురించి. రెండుచోట్లా అది మారింది అడిగినవాళ్లు ఉండటం వల్ల.

మాటలు మార్చడం మన చేతిలో పని. అందుకు జరిమానాలు, తీర్మానాలు అక్కర్లేదు. ఆట తెలియాలి, అంతే. ఆట గురించి చెప్పడానికి మాటలు లేనప్పుడే మనం ముఖం గురించి మాట్లాడతాం. మైకు ముందు మేము చేసింది అదే. షాట్‌పుట్‌లో గుండు మెడకు ఎందుకు ఆనించాలో, కాలు వలయం దాటితే ఏమవుతుందో మాకు తెలియదు. తెలియక జోకు వేశాం.

ప్రపంచకప్ గెలిచిన ఆ జట్టులోనే శ్రీచరణి ఉంది. కడప జిల్లా ఎర్రమల్లె గ్రామం. ఎడమచేతి వాటం స్పిన్నర్. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. వికెట్‌కీపర్ రిచా ఘోష్ మన బెంగాల్‌లోని సిలిగురి అమ్మాయి. ఫైనల్లో 24 బంతుల్లో 34 పరుగులు చేసింది. తెలుగు మాట్లాడుతూ బెంగాల్‌లో పెరుగుతున్న మనకు ఇద్దరూ మనవాళ్లే. వాళ్ల గురించి ఇంట్లో చెప్పండి. ఎడమచేత్తో వేసిన బంతి కుడిచేతి బ్యాటర్‌కు ఎటు తిరుగుతుందో మీ నాన్నగారిని అడగండి, లేదా మీరే చెప్పండి. "నల్లబడిపోయింది" అన్న అమ్మమ్మగారికి మొన్న శ్రీచరణి వికెట్ల లెక్క చెప్పాం. "అన్ని తీసిందా!" అన్నారావిడ. తరువాత, "మరి వాళ్లమ్మకి ఎంత సంతోషంగా ఉంటుందో" అన్నారు. మాకు మళ్లీ వెనక వరసలో కూర్చున్న ఆ అమ్మగారే గుర్తొచ్చింది.

వచ్చే క్రీడోత్సవానికి మైకు పట్టుకోబోయే మిత్రులకు మా మనవి ఇది. ప్రతి పోటీకీ ఒకే రకం చీటీ రాసుకోండి: పేరు, హౌస్, సెకన్లు లేదా మీటర్లు, గతంలో సాధించినది. అబ్బాయిలకు ఏది చదువుతారో అమ్మాయిలకూ అదే చదవండి. ఇంకా టైము మిగిలితే అప్పుడు నవ్వించండి, ఎవరి శరీరాన్నీ చూపించకుండా.

మా జూనియర్ ఇంకా పేరివ్వలేదని రాశాం. ఇస్తుందో లేదో ఆమె ఇష్టం. మేము ఆ రోజు చెప్పకుండా వదిలేసిన దూరం ఎంతో క్రీడల రిజిస్టరులో చూసి రాసుకున్నాం. మళ్లీ మైకు మా చేతికి వస్తే, మొదట చదివేది అదే.