దళారియు వాని ప్రతిఫలమును

పాతబస్తీలో ఇల్లు చేతులు మారినను, పత్తర్‌గట్టిలో ముత్యాల దండ అమ్ముడుపోయినను, కొనువానికిని అమ్మువానికిని నడుమ మూడవవాడొకడుండును. వానినే దలాలందురు. ఆ పేరు విన్నంతనే మొగము చిట్లించుట మన పెద్దమనుష్యులకు పరిపాటి. ఈ యేవగింపు న్యాయము కాదని మా యభిప్రాయము. ఏ గల్లీలో ఏ యిల్లు అమ్మకమునకున్నది, దాని వారసులెందఱు, వారిలో సంతకము పెట్టనని భీష్మించినవాడెవడు, ఇదంతయు నెఱిగి, పది గడపలు త్రొక్కి, ఉభయులను ఒక చాపపై కూర్చుండబెట్టువాని శ్రమకు వెల కలదు. అమ్మువాడు నూటికి ఒకటియో రెండో, కొనువాడును అంతయే యిచ్చుట బజారు వాడుక. ఇరువురును ఎఱిగి యిచ్చినచో తప్పు పట్టవలసినదేమియు లేదు.

కాని అమ్మువానితో అఱువది లక్షలనియు, కొనువానితో డెబ్బది లక్షలనియు చెప్పి, నడిమి పది లక్షలను చప్పుడు కాకుండ వేసికొని, ఆపైన ఉభయులవద్దను దలాలీ పుచ్చుకొనువారును గలరు. తాతలనాటి యిల్లమ్మి నలుగురన్నదమ్ములు పంచుకొను కొంపలో ఆ పది లక్షలు ఒక యాడుబిడ్డ పెండ్లి.

ఈ విద్య గల్లీలలో పుట్టినది కాదు. మన నగరమున దీని పెద్ద పాఠము దివాణమునందే నడచినది. 1886లో నిజాము రాజ్యమందలి గనుల హక్కు లండను పెట్టుబడిదారులకీయబడెను. సర్కారు పక్షమున ఈ బేరము నడపినవాడు సర్దార్ దిలేర్ జంగ్ బిరుదాంకితుడగు అబ్దుల్ హక్కు. పది లక్షల పౌనుల మూలధనమని చాటి హైదరాబాదు దక్కను కంపెనీ నెలకొల్పిరి. లక్ష వాటాలలో 85,000 వాటాలను, హక్కు తెచ్చినందులకు ప్రతిఫలమని, హక్కుదారులే రొక్కము చెల్లింపక వ్రాసికొనిరి. సర్కారు ప్రతినిధికి ఆ లాభములో రహస్యముగా భాగము కలదు! అంతటితో నాగెనా? నిజాము ప్రభుత్వము పేర వాటాలు కొనుటకును ఆయనయే నియుక్తుడు. పది పౌనుల వాటాను పండ్రెండు పౌనుల చొప్పున, తన జట్టు చేతిలోనివానినే, తన యజమానిచేత కొనిపించెను. ఆ పైకము ఎవరిది? తెలంగాణ, మరాట్వాడా రైతులు కట్టిన శిస్తు. 1888లో బ్రిటిషు కామన్సు సభవారి ఉపసంఘము విచారించిన పిమ్మట గాని గుట్టు పూర్తిగా బయటపడలేదు. ఆ యేటనే ఆయన కొలువు పోయెను. సింగరేణి బొగ్గు త్రవ్వినది ఈ కంపెనీయే.

మూడేండ్లకే మఱియొక బేరము. సిమ్లా రత్నవర్తకుడు జాకబు 1891లో ఆఱవ నిజాము మహబూబు అలీఖానునకు వజ్రమొకటి 46 లక్షలకు బేరము పెట్టెను. మధ్యవర్తి ప్రభువు ఖాసా నౌకరు ఆల్బర్టు అబీదు. సగము సొమ్ము ముందే చెల్లెను, బేరము చెడెను, జాకబు కలకత్తా హైకోర్టున బోనెక్కి నిర్దోషిగా దిగెను. మధ్యవర్తి పేరు మాత్రము అబిడ్సు బజారునకు నేటికిని నిలిచియున్నది.

చట్టము లేక కాదు ఈ యవస్థ. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చాలినంత చెప్పినది. ఏజంటు యజమానికి తెలియకుండ స్వంతమునకు వ్యాపారము చేసికొనిన, ఆ లాభమును యజమాని రాబట్టుకొనవచ్చునని 216వ సెక్షను. వేఱొడంబడిక లేనిదే, పని ముగియక మునుపు ప్రతిఫలమడుగరాదని 219. ద్రోహము చేసినచో ఆ పనికి ప్రతిఫలమే లేదని 220. 2016 నాటి స్థిరాస్తి చట్టము క్రొత్త లేఔట్లు, అపార్టుమెంటుల ఏజంట్లకు రిజిస్ట్రేషను విధించినది గాని, షాలిబండ సందులోని పాతయిల్లు ఆ పరిధిలోనికి రాదు. కోర్టునకు పోవుటకు రుజువు కావలయును. నోటిమాట బేరమునకు రుజువెక్కడిది?

కావున మేము కోరునది స్వల్పము. బయానా కాగితమున ఇంటి హద్దులు వ్రాసినట్లే, దలాలు పేరు, ఎవరు వానికెంత యిత్తురు అను సంగతియు వ్రాసి, మువ్వురిచేతను సంతకము చేయింపవలయును. అమ్మువాడును కొనువాడును దళారి లేనపుడు ఒక్కమారైనను ముఖాముఖి ధర చెప్పుకొనవలయును. అందులకు ఒప్పుకొనని దళారితో బేరము ఆ పూటయే మానుకొనుడు.