వేషం లేనినాడు వేతనం

కృష్ణానగర్‌లో పొద్దున్నే టీ బంకు దగ్గర నిలబడితే ఎవరేమిటో ఇట్టే చెప్పేయొచ్చు. మేకప్ పెట్టె పట్టుకున్నవాడు షూటింగుకి వెళ్తున్నట్టు, చేతులూపుకుంటూ వచ్చినవాడు షూటింగు లేనట్టు. మొన్న ఈ రెండు జాతులకీ చెందని శాల్తీ ఒకటి కనబడింది. ఇస్త్రీ చొక్కా, టక్కు, నల్ల బూట్లు. తీరా చూస్తే మన మిత్రుడే! పేరు చెప్పను గానీ, రెండు పెద్ద సినిమాల మాటల్లో ఇతని చెయ్యి ఉంది. టైటిల్స్‌లో మాత్రం పేరు లేదు, అది వేరే కథ.

“ఏం గురూ, ఆఫీసర్ వేషమా?” అన్నాను.

నన్ను పక్కకి లాగి, జేబులోంచి ఐడీ కార్డు కొస మాత్రం చూపించాడు. “మాదాపూర్‌లో టెంపరరీ జాబు. మూడు నెలలు. ఎవరికీ చెప్పకు. డైరెక్టరుగారికి తెలిస్తే ఫీల్డు వదిలేశాననుకుంటారు.”

అదండీ సంగతి! మన ఫీల్డులో అప్పు చేసినవాడు దర్జాగా తిరుగుతాడు, పని చేసుకునేవాడు కార్డు దాచుకుంటాడు. మనలో మాట, నేనూ దాచినవాణ్ణే. 2025 ఆగస్టు 4న సినీ కార్మికుల సమ్మె మొదలైంది, గుర్తుంది కదూ? వేతనాలు 30 శాతం పెంచమన్నారు, షూటింగులు రెండు వారాల పైనే ఆగిపోయాయి. వాళ్ళ కోరికలో న్యాయం ఉంది, కాదనను. కానీ లొకేషనే లేకపోతే లొకేషన్ కబుర్లు ఎక్కడివి? వ్యాసానికింత అని పుచ్చుకునే నాబోటివాడికి ఆ నెల సున్న. అప్పుడే అమీర్‌పేటలో ఓ ఏజెన్సీ మెట్లెక్కాను.

“ఏం చేస్తుంటారు సార్?” అంది అక్కడి అమ్మాయి.

“రచయితనండీ.”

“అది సరే సార్, తెలుగు టైపింగ్ వచ్చా?”

బి.ఏ. పట్టా పనికిరాలేదు, పదేళ్ళ కలం పనికిరాలేదు, టైపింగ్ పనికొచ్చింది. ఒక బీమా ఆఫీసులో దరఖాస్తుల మీది పేర్లూ ఊళ్ళూ కంప్యూటర్లో సరిచూసే పని, మూడు వారాలకి. సుబ్బలక్ష్మిగార్లని సబ్బులక్ష్ములు కాకుండా ఎందరిని కాపాడానో! మధ్యాహ్నం క్యాంటీన్‌లో పక్కన కూర్చున్న కుర్రాడు తబలా ఆర్టిస్టు, ఎదురుగా ఉన్నావిడ సీరియళ్ళకి డబ్బింగ్ చెబుతుంది. సగం ఫిల్మ్‌నగర్ అక్కడే ఉంది, ఒకరికొకరు చెప్పుకోలేదంతే.

ఈ వ్యవహారం నడిచే తీరు తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. కంపెనీ మనల్ని నేరుగా తీసుకోదు. ఏజెన్సీ తీసుకుని అక్కడికి పంపిస్తుంది. కంపెనీ ఏజెన్సీకి బిల్లు కడుతుంది, ఏజెన్సీ తన వాటా ఉంచుకుని మనకి జీతం ఇస్తుంది. అంటే వాళ్ళ సంపాదన కంపెనీ దగ్గర, మన దగ్గర కాదు. రిజిస్ట్రేషన్ ఫీజనీ, డిపాజిట్టనీ మీ జేబు తడిమారా, ఎక్కిన మెట్లు దిగిపోండి.

ఇంకోటి. మిమ్మల్ని ఉద్యోగి కింద రాస్తున్నారా, ‘కన్సల్టెంటు’ కింద రాస్తున్నారా అని ముందే అడగాలి. కన్సల్టెంటంటే వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ పీఎఫ్ ఉండదు. పైగా వృత్తి ఫీజు కింద చూపించి పది శాతం టీడీఎస్ పట్టుకోవచ్చు. ఏడాది మొత్తానికి పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. మనవాళ్ళలో రిటర్ను వేసే మహానుభావులెందరు? ఉద్యోగి కింద అయితే పీఎఫ్ పడుతుంది. పాత యూఏఎన్ నంబరుంటే అదే ఇవ్వండి. ఏజెన్సీకో నంబరైతే ఆ డబ్బు వెతుక్కోవడం తప్పిపోయిన కవలల కథే. జీతం 21,000 లోపయితే ఈఎస్ఐ కింద 0.75 శాతం కోస్తారు. కాకపోతే జబ్బుపడ్డ రోజులకి నగదు భత్యం రావాలంటే ఆరు నెలల వాయిదాలో 78 రోజుల చందా పడి ఉండాలి. మూడు వారాల నాబోటివాడు దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

‘సిరివెన్నెల’ సీతారామశాస్త్రిగారు సినిమాకి రాకముందు టెలిఫోన్స్ శాఖలో పనిచేశారని మా మిత్రుడికి ధైర్యం చెప్పబోయాను. నవ్వాడు. “అది గవర్నమెంటు ఉద్యోగం గురూ. సెలవు పెట్టి పాట రాసుకోవచ్చు. నాకు రాని రోజుకి జీతం లేదు, రెండు రోజులు రాకపోతే కుర్చీ లేదు.”

ఉత్త మాట కాదు, అతనికి అనుభవమే. ఇదివరకటి ఏజెన్సీలో తొమ్మిదో రోజున ఫోనొచ్చింది, పదకొండింటికి కథా చర్చకి రమ్మని. ఏడాదిగా ఎదురుచూసిన పిలుపు. కంప్యూటర్ ఆపేసి పరుగెత్తాడు. అక్కడ హీరోగారి డేట్లు కుదరలేదట, అందరూ టీ తాగి లేచిపోయారు. మర్నాడు ఆఫీసుకి వెళితే కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. మానేయాలంటే పదిహేను రోజుల నోటీసివ్వాలని కాగితంలో ఉందట, సంతకం పెట్టినప్పుడు చదవలేదు. డైలాగులో కామా తప్పితే నిద్రపోని మనిషి! తొమ్మిది రోజుల జీతం కోసం నాలుగుసార్లు తిరిగాడు.

ఈసారి సంతకానికి ముందే అడిగి రాయించుకున్నాడు. ముందురోజు ఫోన్ చేసి చెబితే నెలకి రెండు రోజులు జీతం లేకుండా రాకపోవచ్చు, నోటీసు మూడు రోజులే. అడిగితే ఇస్తారని తెలీదన్నాడు. జీతం కంటే ఈ రెండు మాటలే ముఖ్యమని నా అభిప్రాయం. ఆ తర్వాత చూడాల్సింది జీతం పడే తేదీ. నాకు ఏజెన్సీ డబ్బు చెప్పిన రోజునే పడింది. అంతకు ముందేడు ఒక నిర్మాత నాచేత రాయించుకున్న ప్రచార వ్యాసాల డబ్బు మాత్రం ఇప్పటికీ ‘రేపే’.

ఇంతలో అతని ఫోను మోగింది. పేరు చూడగానే నిటారుగా నిలబడ్డాడు. డైరెక్టరుగారే.

“ఇవాళ కుదరదండీ... ఆఫీసుంది. అవునండీ, ఆఫీసే. ఆదివారం వస్తాను.”

అవతలివైపు ఏమన్నారో నాకు వినబడలేదు. ఫోను జేబులో పెట్టి, కార్డు తీసి మెడలో వేసుకున్నాడు. టీ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు. ఏడో తారీఖు మరి!