మోకాలి ఫోటో, పొట్ట ఫోటో

ఊరి సంగతి — కొండూరువాసి

మామిడి కోతలు ముగిసి నున్న మార్కెట్‌కి లారీలు పలచబడ్డాక జి. కొండూరు, మైలవరం చుట్టుపక్కల మోకాళ్ళ నొప్పుల కాలం మొదలవుతుంది. చిక్కం కర్ర పట్టుకుని ఎండలో కాయలు కోసినవాళ్ళు, కాయల ట్రేలు భుజాన మోసి ట్రాక్టర్లకెత్తినవాళ్ళు, ఆ వెనకే నాట్లలోకి దిగిన ఆడవాళ్ళు, అందరూ ఒక్కొక్కరే మోకాళ్ళు పట్టుకుని కూలబడతారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు రెండు సూదులు వేసి చూస్తారు. తగ్గకపోతే "ఓసారి ఫోటో తీయించుకురా" అంటారు. ఆ మాట మీద మైలవరానికో, విజయవాడ సూర్యారావుపేటకో బస్సెక్కి, సాయంత్రానికి పెద్ద కవరుతో ఇల్లు చేరతారు. ఏం తేలిందని అడిగితే ఎవరి నోట విన్నా ఒకటే: "గుజ్జు అరిగిపోయిందంట."

ఆ ఫోటో, అంటే ఎక్స్‌రే, గొప్ప సాధనం. రాంట్‌జన్ 1895 నవంబరులో ఆ కిరణాలను కనుక్కున్న నాటి నుంచి అది కాపాడిన ప్రాణాలకు లెక్క లేదు. నా ఫిర్యాదల్లా మన వాడకం మీద. అంతగా అక్కర్లేని మోకాలికి ఆత్రంగా తీయిస్తున్నాం, క్షణాల మీద తీయాల్సిన పొట్టకు తాత్సారం చేస్తున్నాం. ఆ మోకాలి ఫోటోకీ ఈ పొట్ట ఫోటోకీ నడుమ ఓ దారి ఉంది. అది మందుల షాపు మీదుగా పోతుంది.

ముందు మోకాలి సంగతి. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, గుజ్జు కనబడదు. తొడ ఎముకకీ దాని కింది ఎముకకీ మధ్య ఫిల్ము మీద నల్లటి సందు ఉంటుంది. గుజ్జు ఉండేది ఆ సందులోనే కాబట్టి, సందు సన్నబడితే గుజ్జు తగ్గిందని డాక్టరు అంచనా వేస్తారు. మరి రోగిని బల్ల మీద పడుకోబెట్టి తీస్తే? ఒంటి బరువు మోకాలి మీద పడదు. అరిగిన మోకాల్లోనూ సందు బాగానే ఉన్నట్టు కనబడొచ్చు. నిలబెట్టి తీస్తే అసలు రంగు బయటపడుతుంది. సాధారణంగా లోపలివైపు సందు ముందు మూసుకుపోతుంది, ఎముక అంచుల్లో ముళ్ళలాంటివి పెరుగుతాయి. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే వైద్యులు ఈ గుర్తులను బట్టి సున్నా నుంచి నాలుగు వరకు గ్రేడ్లు కట్టారు. ఇవాళ మన రిపోర్టుల్లో "గ్రేడ్ 3" అని రాసేది ఎక్కువగా ఆ కొలత ప్రకారమే.

చిక్కేమిటంటే, ఆ గ్రేడుకీ నొప్పికీ పొత్తు సరిగ్గా కుదరదు. ఫోటోలో సందే లేని మనిషి పొద్దున్నే తోటకెళ్ళి నీళ్ళు పెట్టి వస్తాడు. ఫోటో శుభ్రంగా ఉన్న మనిషి మెట్లు దిగలేక గోడ పట్టుకుంటాడు. వయసు మీదపడ్డ మోకాలికి ఫోటో తీస్తే ఎంతో కొంత అరుగుదల దొరకడం మామూలే. కాబట్టి మోకాలు మార్చాలా వద్దా అన్నది ఫిల్ము ఒక్కదాన్నీ లైటుకి పెట్టి చూసి తేల్చే విషయం కాదు. ఎంత దూరం నడవగలరు, రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా, బరువు తగ్గించి, తొడ కండరాలకు వ్యాయామం చేసి చూశారా అన్నవి కూడా తేలాలి. ఇంకో వైపు, పొద్దున లేచాక గంటసేపు వేళ్ళు బిగుసుకుపోయే కీళ్ళవాతంలో తొలి నెలల్లో ఎక్స్‌రే మామూలుగానే రావొచ్చు. "ఫోటోలో ఏమీ లేదు" అన్న మాట విని ఊరుకుంటే, కీలు పాడయ్యాక గానీ జబ్బు పట్టుబడదు.

గుజ్జు అరిగిందన్న కబురు విన్నాక జరిగేదేమిటి? చాలా ఇళ్ళలో వైద్యం అక్కడితో ఆగిపోతుంది, మాత్ర మొదలవుతుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్... చీటీ లేకుండా షాపులో దొరుకుతాయి. నాట్లు అయ్యేదాకా, కోతలు అయ్యేదాకా, పొద్దున్నే టీ చుక్కతో ఒకటి. ఈ మాత్రలు నొప్పి పుట్టించే రసాయనాలను ఆపుతాయి. పొట్ట లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడే రసాయనాలు కూడా ఆ కుటుంబానివే, అవీ ఆగిపోతాయి. పొరకు పుండు పడుతుంది. నొప్పి తెలియకుండా చేసే మాత్రే మింగుతున్నారు కాబట్టి పుండు నొప్పి కూడా తెలియకపోవచ్చు. పైగా ఈ మాత్రలు కిడ్నీలకు చెరుపు. పక్కనే ఎ. కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కూల్చిందో చూసిన మనం ఇలా పిప్పరమెంట్లు చప్పరించినట్టు వాటిని మింగడం ఏం తెలివి?

ఆ పుండు ఒకరోజు చిల్లు పడుతుంది. కత్తితో పొడిచినట్టు నొప్పి. పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది, కదిలితే ప్రాణం పోతుంది. ఇంట్లోవాళ్ళు ఏమంటారు? "గ్యాస్ పట్టేసింది." సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు, గ్యాస్ ఇంజెక్షన్ కొట్టిస్తారు. నొప్పి కాసేపు తగ్గినట్టు అనిపిస్తే తెల్లవారేదాకా చూద్దామంటారు. చిల్లు లోంచి కారిన పొట్ట రసం పేగుల చుట్టూ చీము పట్టించేది ఆ గంటల్లోనే.

ఈ సమయంలో ఎక్స్‌రే చేసే పని చూడండి. రోగిని కాసేపు కూర్చోబెట్టో, నిలబెట్టో ఛాతీ ఫోటో తీస్తారు. పొట్ట జబ్బుకి ఛాతీ ఫోటో ఏమిటని బంధువులు గొణుగుతారు. చిల్లు లోంచి తప్పించుకున్న గాలి పైకి లేచి, ఊపిరితిత్తులకూ కాలేయానికీ మధ్య ఉండే డయాఫ్రమ్ పొర కిందికి చేరుతుంది. ఫిల్ము మీద కుడివైపు, తెల్లటి కాలేయం నెత్తిన సన్నటి నల్లటి నెలవంక కనబడుతుంది. ఎడమవైపు పొట్టలో మామూలుగా ఉండే గాలిని చూసి పొరబడే వీలుంది గనుక కుడివైపే వెతుకుతారు. ఆ నెలవంక కనబడితే సర్జన్ని పిలవాల్సిందే. కొందరికి చిల్లు పడ్డా గాలి కనబడదు. అనుమానం తీరకపోతే అప్పుడు సీటీ. పేగు మెలిపడినా, అడ్డుపడినా పొట్ట ఎక్స్‌రేలో ఉబ్బిన పేగు చుట్టలు, నిలబెట్టి తీస్తే వాటిలో గాలీ నీళ్ళూ మెట్లు మెట్లుగా నిలవడం కనబడతాయి. అదే, ఏళ్ళ తరబడి త్రేన్పులు, మంట, ఉబ్బరం అంటూ వచ్చినవాళ్ళకు మామూలు పొట్ట ఎక్స్‌రే చెప్పేది దాదాపు శూన్యం. వాళ్ళకు కావలసింది ఎండోస్కోపీ కావచ్చు, హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి కోసం పరీక్ష కావచ్చు.

ఒకప్పుడు ఆ ఖాళీని బేరియం నింపింది. 1896 చివర్లో హార్వర్డ్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్ జంతువులకు బిస్మత్ కలిపిన మేత పెట్టి, అది గొంతులోంచి పొట్టలోకి జారడం ఎక్స్‌రేలో చూశాడు. తర్వాత బిస్మత్ స్థానంలో బేరియం సల్ఫేట్ వచ్చింది. నీళ్ళలో కరగదు, రక్తంలోకి ఇంకదు, కిరణాలను అడ్డుకుని ఫిల్ము మీద తెల్లగా పడుతుంది. కడప సీమలోని మంగంపేటలో ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటిగా పేరుపడ్డ ముగ్గురాయి ఈ బేరియం సల్ఫేటే. ఆ రాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి పోతుంది, రోగి తాగేది మందుల స్థాయికి శుద్ధి చేసింది. ఇప్పుడు పుండు కోసం బేరియం తాగించేవాళ్ళు తక్కువ. హైదరాబాద్‌లో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి లాంటివారు ఎండోస్కోపీని తెలుగువాళ్ళకు దగ్గర చేశారు. అయినా మింగుడు పడని జబ్బుల్లో, అన్నవాహిక కింది కొస ఎక్కడ, ఎలా బిగుసుకుందో చూడ్డానికి బేరియం ఫోటో ఇప్పటికీ పనికొస్తుంది.

సరైన ప్రశ్న అడిగితే ఎక్స్‌రే ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుగు నేలే చూపించింది. నడుం వంగక, మెడ తిరగక, కీళ్ళు బిగుసుకుపోయిన నెల్లూరు జిల్లా రోగుల గురించి షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ 1937లో రాశారు. అందులో బర్నార్డ్ మద్రాసు ఆసుపత్రి ఎక్స్‌రే నిపుణుడు. అక్కడి రేడియాలజీ సంస్థకు ఆయన పేరే పెట్టారు. ఈ జబ్బులో వెన్నెముక ఫిల్ము మీద మామూలుకన్నా తెల్లగా, దట్టంగా పడుతుంది. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి ముళ్ళు తేలుతుంది. కారణం బావినీళ్ళలోని ఫ్లోరైడ్. కీళ్ళనొప్పులని కట్టు కట్టి పంపాల్సిన రోగం, నీళ్ళు మార్చాల్సిన రోగమని తేలింది. అప్పటి నెల్లూరు జిల్లాలోని కనిగిరి, దర్శి, పొదిలి సీమల్లో ఆ నీళ్ళ గోడు తర్వాత కూడా దశాబ్దాల పాటు సాగింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ఊళ్ళ పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. మన కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టిన కాకర్ల సుబ్బారావు ఎముకల రేడియాలజీలో ప్రపంచం మెచ్చిన నిపుణుడై, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిని నిలబెట్టారు. వీళ్ళంతా ఫిల్ముని మనిషి పక్కన, ఊరి పక్కన పెట్టి చదివారు.

మనం చేస్తున్నదేమిటి? చీటీ మీద "రెండు మోకాళ్ళు ఎక్స్‌రే" అని రెండు ముక్కలు. ఎంతకాలంగా నొప్పి, దేన్ని అనుమానిస్తున్నారు, నిలబెట్టి తీయాలా అన్నది ఉండదు. ఫిల్ము చూసి రేడియాలజిస్టు రాసిన రిపోర్టు చాలాచోట్ల ఉండదు. జాతీయ ఆరోగ్య మిషన్ ఉచిత పరీక్షల పథకంలో టెలీరేడియాలజీ ఉంది, అంటే మండల ఆసుపత్రిలో తీసిన ఫోటోని పట్నంలోని నిపుణుడు చదివి పంపొచ్చు. ఆ రిపోర్టు ప్రతి ఫిల్ముకీ, ముఖ్యంగా రాత్రిపూట వచ్చే పొట్ట నొప్పి కేసులకు, గంటలోపు రావాలని మన ప్రజాప్రతినిధులు పట్టుబట్టాలి. రాత్రి టెక్నీషియన్ లేని ఎక్స్‌రే గది ఉన్నా లేనట్టే.

కిరణాల భయం కూడా తలకిందులుగానే ఉంది. మోకాలి ఎక్స్‌రే మోతాదు సుమారు 0.005 మిల్లీసీవర్ట్, ఛాతీది 0.02. ప్రకృతి నుంచే ఏడాదికి సగటున 2.4 దాకా మనకు సోకుతుంది. మామూలు పొట్ట ఎక్స్‌రే 0.7, బేరియం మీల్ 6, పొట్ట సీటీ 8 దాకా. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఛాతీ ఫోటోకి జంకనక్కర్లేదు. ఊరికే ఒకసారి సీటీ తీయించుకుందామనే సరదాకి మాత్రం జంకాలి. గర్భం ఉందేమో అనిపిస్తే గదిలోకి వెళ్ళకముందే చెప్పాలి.

అందుకని డాక్టరు ఫోటో రాసినప్పుడు మొహమాటపడకుండా రెండు మాటలు అడగండి: దేనికోసం చూస్తున్నారు? ఫలితం ఎలా వస్తే వైద్యం ఎలా మారుతుంది? జవాబు లేకపోతే ఆ డబ్బుతో ఫిజియోథెరపీకి వెళ్ళండి. వారానికి మించి నొప్పి మాత్ర అవసరమైతే షాపుని కాకుండా డాక్టర్ని అడగండి. ఆ మాత్రలు వాడే మనిషికి ఉన్నట్టుండి పొట్ట చెక్కలా బిగుసుకుంటే, సోడా కోసం పరిగెత్తకుండా 108కి ఫోన్ చేయండి. ఏయే మాత్రలు ఎన్నాళ్ళుగా వాడుతున్నారో ఆసుపత్రిలో అడుగు పెట్టగానే చెప్పండి.